పొర మొత్తం చూశారా?

నేనొక మైనపు బ్లాకును. వెనక తెల్ల ప్లాస్టిక్ క్యాసెట్, ముందు గట్టిపడిన పారఫిన్ మైనం, ఆ మైనంలో మూడు మిల్లీమీటర్ల మందాన ఒక గ్రంథి ముక్క. గురజాల వైపు ఒక ఊళ్ళో మిరప, పత్తి పండించే ఇంటి ఇల్లాలి థైరాయిడ్ అది. నరసరావుపేట పల్నాడు రోడ్డులో ఉన్న చిన్న పెథాలజీ ల్యాబులో, ఇనప బీరువా సొరుగులో 2013 నుంచి ఉంటున్నాను. ఆమెకున్న జబ్బు పేరు కాగితం మీద రాసింది డాక్టరమ్మ. ఆ పేరుకు సాక్ష్యం నేను. కాగితం పోతే మళ్ళీ ప్రింటు తీసుకోవచ్చు. నేను పోతే, ఆమె మెడలోంచి తీసిందేమిటో తిరిగి చూసుకునే దారే ఉండదు.

ఆ ఉబ్బును మొదట చూసింది ఆమె కాదు, పెళ్ళి ఆల్బమ్ తిరగేస్తున్న ఆడపడుచు. "ఏంది వదినా, నీ గొంతు ఇట్టా ఎత్తుగా ఉంది?" అందట. నొప్పి లేదు, మింగడానికి ఇబ్బంది లేదు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ ఉండాల్సినంతే ఉంది. థైరాయిడ్ క్యాన్సర్ చాలామందిలో ఇలాగే, ఏ అలజడీ లేకుండా వస్తుంది. హార్మోన్ పరీక్ష బాగున్నంత మాత్రాన మెడలో గడ్డ మంచిదేనని చెప్పడానికి లేదు. ఈ సంగతి మన ఊళ్ళలో చేరాల్సినంతగా చేరలేదు. "థైరాయిడ్ నార్మలని వచ్చింది గదా" అనుకుని ఏళ్ళ తరబడి గడ్డను పట్టించుకోనివాళ్ళ ముక్కలు కూడా మా సొరుగుల్లో ఉన్నాయి.

స్కాన్ తీశాక సూది పరీక్షకు ఇదే ల్యాబుకు వచ్చింది. రక్తం తీసే సూది కంటే సన్నది, మత్తు కూడా అక్కర్లేదు. గడ్డలోంచి నాలుగు చుక్కలు లాగి గాజు పలకల మీద పరుస్తారు. కొన్నిటిని గాలికి ఆరబెడతారు, కొన్నిటిని తడి ఆరకముందే ఆల్కహాల్లో ముంచుతారు. ఒక్కో రంగు ఒక్కో పద్ధతిలో నిలిపిన కణాన్ని బాగా చూపిస్తుంది కాబట్టి. ఫలితాన్ని ఆరు తరగతుల్లో చెప్పే బెథెస్డా పద్ధతి 2010లో పుస్తకంగా వచ్చింది. ఆమెకు వచ్చింది నాలుగో తరగతి. అంటే, కణాలు చిన్న చిన్న గుండ్రాలుగా పేరుకున్న గడ్డ. మంచిదో చెడ్డదో సూది తేల్చలేదు. సూదికి కణాలు అందుతాయి, గడ్డ చుట్టూ ఉన్న పొర అందదు. కణాలు ఆ పొరను చీల్చుకుని బయటికొచ్చాయా లేదా అన్నదే ఇలాంటి గడ్డలో అసలు ప్రశ్న. దానికి జవాబు కావాలంటే గడ్డను పొరతో సహా తీసి చూడాల్సిందే. అందుకే థైరాయిడ్‌లో ఎడమ సగం తీశారు.

నా పుట్టుక అక్కడ మొదలైంది. థియేటర్లోంచి ఆ సగాన్ని ఫార్మలిన్ పోసిన వెడల్పు మూతి సీసాలో వేసి పంపారు. ముక్క కంటే కనీసం పదింతలు ఫార్మలిన్ ఉండాలి. లేకపోతే లోపలిదాకా మందు దిగకముందే మధ్యభాగం కుళ్ళడం మొదలవుతుంది. మరుసటి రోజు డాక్టరమ్మ దాన్ని బయటికి తీసి, పైభాగానికి నల్ల ఇంకు పూసి, కత్తితో అడ్డంగా పలకలు కోసింది. రెండున్నర సెంటీమీటర్ల గడ్డ, చుట్టూ తెల్లటి పలచని పొర. సాధారణంగా అలాంటి గడ్డలో అక్కడొకటి ఇక్కడొకటి ముక్కలు తీసుకుని, మిగిలింది సీసాలో ఉంచి, కొన్ని వారాల తర్వాత పారేస్తారు. ఆ రోజు ఆవిడ అలా చేయలేదు. "పొర ఎక్కడా వదలొద్దు, మొత్తం పెట్టు" అంది టెక్నీషియన్‌తో. "మొత్తమా మేడమ్? తొమ్మిది క్యాసెట్లవుతాయి" అన్నాడతను. "కానీ. నంబర్లు పెన్సిలుతో వెయ్యి, ఇంకైతే ఆల్కహాల్లో పోతుంది." అలా ఒకే గడ్డలోంచి మేం తొమ్మిది మంది పుట్టాం.

రాత్రంతా మిషన్లో తిరిగాం. ఆల్కహాల్ మాలోని నీటిని తీసేసింది. జైలీన్ ఆ ఆల్కహాల్ని తీసేసింది. దాని చోటులో అరవై డిగ్రీల దగ్గర కరిగిన మైనం వచ్చి కూర్చుంది. చల్లారాక మైక్రోటోమ్ మీద నన్ను బిగించి కోశారు. ఒక్కో పొర నాలుగు మైక్రాన్లు. ఒక మిల్లీమీటరు మందంలో అలాంటివి రెండు వందల యాభై వస్తాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను మళ్ళీ మళ్ళీ కోసి చూడగలుగుతున్నారంటే దానివల్లే. కోసిన పొరను గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి, గాజు పలక మీదికెక్కించి, హిమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు పట్టించారు. హిమటాక్సిలిన్ మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవలోంచి వచ్చే రంగు. కణం నడుమ ఉండే కేంద్రకాన్ని నీలంగా చూపిస్తుంది. ఈ క్యాన్సర్ కథంతా నడిచేది ఆ కేంద్రకంలోనే.

మామూలు థైరాయిడ్‌లో కేంద్రకాలు చిన్నవి, గుండ్రటివి, ముదురు రంగువి, ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. పాపిలరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్లో అవి పెద్దవై, సాగి, ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. అంచు నున్నగా ఉండదు. చాలావాటి మీద గోధుమ గింజ మీద ఉన్నట్టు నిలువుగా ఒక గీత పడుతుంది. కొన్నిటిలో కణద్రవం లోపలికి చొచ్చుకొచ్చి గుండ్రటి బుడగ ఉన్నట్టు కనిపిస్తుంది. లోపలి రంగు అంచులకు తోసుకుపోయి, నడుమ తెల్లగా ఖాళీగా ఉంటుంది. ఈ తెల్లదనం చాలావరకు ఫార్మలిన్ వల్ల వచ్చేదే. సూదితో తీసిన కణాల్లోనూ, ఆపరేషన్ మధ్యలో గడ్డకట్టించి కోసే పొరల్లోనూ అది ఇంత స్పష్టంగా కనపడదు. అంటే రోగ నిర్ధారణలో సగం బలం, ముక్కను ఆ మొదటి సీసాలో ఎంత జాగ్రత్తగా వేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ సీసా దగ్గరుండే థియేటర్ అబ్బాయికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలని నేను ఎప్పుడూ కోరుకుంటాను.

నాలో ఆ కేంద్రకాలు ఉన్నాయి. వేళ్ళుగా సాగే పాపిల్లాలు మాత్రం లేవు, అన్నీ గుండ్రాలే. పొర ఎక్కడా తెగలేదు, రక్తనాళంలోకి ఏదీ దూరలేదు. అప్పటి పుస్తకాల ప్రకారం దాని పేరు "పొరలో ఉన్న ఫాలిక్యులర్ రకం పాపిలరీ కార్సినోమా". డాక్టరమ్మ అదే రాసింది. కేంద్రకాలు అలా ఉంటే పాపిల్లాలు లేకపోయినా ఇది పాపిలరీ క్యాన్సరేనని 1960లో లిండ్సే, 1977లో చెన్, రోసాయ్ చెప్పిన దగ్గర్నుంచి ప్రపంచమంతా ఆ దారే నడిచింది.

"క్యాన్సరేనా మేడమ్ గారూ?" అని అడిగాడు ఆమె భర్త, కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతూ ఆగి.

"క్యాన్సరే, కానీ నెమ్మదైనది. థైరాయిడ్ క్యాన్సర్లలో పదింట ఎనిమిది ఈ జాతివే. బాగవుతుంది" అంది ఆవిడ.

మొదటి మాట తర్వాత ఆయన ఇంకేమీ విన్నట్టు లేదు. మిగిలిన సగం కూడా తీయించారు. హైదరాబాదులో రేడియో అయోడిన్ ఇచ్చి, వేరే గదిలో ఒక్కదాన్నే ఉంచారు. చంటి మనవణ్ణి దగ్గరికి తీసుకోవద్దన్నారు. అయోడిన్ 131 శక్తి ఎనిమిది రోజులకోసారి సగం అవుతూ పోతుంది, అది తగ్గేదాకా జాగ్రత్త. ఆ తర్వాత ఏటా రక్తపరీక్ష, స్కాన్, మళ్ళీ వస్తుందేమోనన్న దిగులు. చిన్న కూతురికి సత్తెనపల్లి సంబంధం కుదిరినట్టే కుదిరి, "తల్లికి క్యాన్సరంట గదా" అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఇదంతా తర్వాతెప్పుడో కొడుకు వచ్చి డాక్టరమ్మతో చెబుతుంటే విన్నాను.

పాపిలరీ అన్న ఒకే పేరు కింద ఎంత తేడా ఉంటుందో తెలియాలంటే మా సొరుగులో పది నిమిషాలుంటే చాలు. నా పక్కది మాచర్ల వైపు పడుచుదానిది. అచ్చమైన పాపిలరీ, మెడ పక్క లింఫు గ్రంథుల్లోకి కూడా వెళ్ళింది. దాన్ని కోస్తున్నప్పుడు మైక్రోటోమ్ బ్లేడు కరకరమన్నది నాకు గుర్తు. సామ్మోమా బాడీలని, కాల్షియం పేరుకున్న సన్నటి గుండ్రాలు. బ్లేడు పదును పోతుందని టెక్నీషియన్ విసుక్కున్నాడు. డాక్టరమ్మ మాత్రం ఆ శబ్దానికే తలెత్తి చూసింది. గ్రంథుల్లోకి వెళ్ళినా ఆమె వయసు తక్కువ, చికిత్సకు బాగా లొంగింది. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి.

దాని వెనక దాచేపల్లి వైపు పెద్దాయనది. అది టాల్ సెల్ రకం. కణాలు వెడల్పు కంటే కనీసం మూడింతలు పొడవు, గులాబీ రంగు కణద్రవం నిండుగా, బారులు తీరి ఉంటాయి. 1976లో హాక్, హజార్డ్ దీన్ని విడదీసి చూపించారు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకం ప్రకారం ఇలాంటి కణాలు ముప్ఫై శాతం ఉంటే ఆ పేరు పెట్టాలి. ఇది పక్కనున్న కండరంలోకి పాకుతుంది, తిరిగి వస్తుంది, అయోడిన్‌ను సరిగ్గా పీల్చుకోకపోవడం కూడా ఎక్కువ. రిపోర్టులో ఉత్త "పాపిలరీ" అని రాసి వదిలేస్తే, ఆయనకు అందాల్సిన చికిత్స అందదు. గురజాల వైపు ఇల్లాలికి చికిత్స ఎక్కువ జరిగింది, ఆయనకు తక్కువ జరిగి ఉండేది. రకాల మధ్య తేడా పట్టించుకోకపోతే నష్టం రెండు వైపులా ఉంటుంది.

ఇంకా ఉన్నాయి. ఒక కాలేజీ అమ్మాయిది డిఫ్యూజ్ స్క్లిరోజింగ్. అందులో గడ్డంటూ ఉండదు, గ్రంథి మొత్తం గట్టిపడుతుంది. లోపల లింఫు కణాలు, కాల్షియం గుండ్రాలు నిండి ఉంటాయి. స్కాన్లో థైరాయిడ్ వాపనుకుని పొరబడే అవకాశం ఎక్కువ, కానీ ఊపిరితిత్తుల్లోకి పోయే గుణం కూడా దానిదే. పొరుగు సొరుగులో వార్తిన్ తరహాది ఉంది. చూడటానికి లాలాజల గ్రంథి గడ్డను తలపిస్తుంది, సాధారణంగా మంచిగానే నడుచుకుంటుంది. హాబ్‌నెయిల్ రకం మా దగ్గర లేదు. కేంద్రకాలు కణం పై అంచుకు ఉబికి ఉండే ఆ రకాన్ని 2010లో విడిగా వర్ణించారు. అది అరుదు, మొండిది.

చివరి వరసలో ఉన్నవి సెంటీమీటరు లోపు చిన్నవి. మామూలు గాయిటర్‌కి తీసిన గ్రంథిలో అనుకోకుండా దొరికినవి. వీటి దగ్గర వైద్యులు ఆగి ఆలోచించడం నేర్చుకున్నారు. దక్షిణ కొరియాలో ఆరోగ్య తనిఖీల్లో భాగంగా చాలామంది మెడలకు స్కాన్లు తీసేసరికి, 1993 నుంచి 2011 మధ్య థైరాయిడ్ క్యాన్సర్ లెక్క పదిహేను రెట్లయింది. చనిపోయేవారి లెక్క మాత్రం మారలేదు. జపాన్లోని కోబెలో కూమా హాస్పిటల్ 1993 నుంచే ఇలాంటి చిన్నవాటిని కొయ్యకుండా, స్కాన్లతో కనిపెట్టుకుని ఉండటం మొదలుపెట్టింది. చాలామందిలో అవి ఏళ్ళ తరబడి పెరగలేదు.

2016లో నా సంగతి కూడా తిరగబడింది. నికిఫొరోవ్ నాయకత్వంలో ఏడు దేశాల పెథాలజిస్టులు నాలాంటి గడ్డల్ని, అంటే పొర తెగని ఫాలిక్యులర్ రకాల్ని, పాత బ్లాకుల నుంచి తీసి మళ్ళీ చదివారు. 109 మంది రోగులు, పదేళ్ళకు పైబడిన పరిశీలన. ఒక్కరూ ఈ జబ్బుతో పోలేదు, ఒక్కరిలోనూ తిరిగి రాలేదు. వాళ్ళలో ఎవరికీ రేడియో అయోడిన్ ఇవ్వలేదు, ఎక్కువమందికి సగం గ్రంథే తీశారు. పొర తెగిన 101 మందిలో మాత్రం పన్నెండుగురికి ఇబ్బందులొచ్చాయి. అప్పుడు వాళ్ళు పొర తెగనిదాని పేరులోంచి "కార్సినోమా" తీసేసి, ఎన్.ఐ.ఎఫ్.టి.పి. అని కొత్త పేరు పెట్టారు. పేరు మార్చడానికి ఆధారం నా వంటి బ్లాకులే. ఎవరో ఎక్కడో సొరుగుల్లో భద్రంగా దాచి ఉంచబట్టి కదా అవి దొరికాయి!

రెండేళ్ళకు ఆ కబురు నా దాకా వచ్చింది. హైదరాబాదులో ఆమెను ఏటా చూసే డాక్టరుగారు పాత రిపోర్టు చదివి, "స్లయిడ్లు, బ్లాకులు తీసుకురండి, మళ్ళీ చూపిద్దాం" అన్నారట. కొడుకు మే నెలలో ల్యాబుకొచ్చాడు. రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని మమ్మల్ని అప్పగిస్తూ డాక్టరమ్మ, "బాబూ, ఇవి మైనంవి. ఎండలో బండి మీద పెట్టొద్దు, కారు అద్దం దగ్గర అసలు పెట్టొద్దు. చూపించాక అక్కడే వదిలేయకుండా తిరిగి తీసుకురా" అంది. ఆ మాట ఊరికే అనలేదు. రెంటచింతల ఎండ సంగతి పల్నాడులో ఎవరికి తెలియదు? మూసి ఉంచిన కార్లో మైనం మెత్తబడిందంటే, లోపలి ముక్క పక్కకు జరిగి కోతకు పనికిరాదు. ఆ అబ్బాయి తండ్రి ఇన్సులిన్ పెట్టుకునే చల్లడబ్బాలో మమ్మల్ని సర్ది, నడికుడిలో రైలెక్కాడు. దారి పొడుగునా డబ్బా ఒళ్ళోనే ఉంది.

అక్కడి పెథాలజిస్టు రిపోర్టు చదవకముందే ఒక ప్రశ్న అడిగాడు. "పొర మొత్తం చూశారా?" తొమ్మిది బ్లాకుల్నీ గడ్డ బొమ్మ గీసి పేర్చుకుని, పొర ఎక్కడా వదలకుండా ఉందని తేల్చుకున్నాకే ముందుకెళ్ళాడు. మా అందర్నీ లోతుగా మళ్ళీ కోయించాడు. కేంద్రకాల పరిమాణం, అంచు, లోపలి తెల్లదనం, మూడింటికి మూడు మార్కులు. ఆ కొత్త పేరుకు కనీసం రెండు రావాలి. నిజమైన పాపిల్లా ఒక్కటైనా ఉందా, కాల్షియం గుండ్రాలున్నాయా, చచ్చిన కణాల మడుగుందా, కణాలు వేగంగా విడిపోతున్నాయా అని వెతికాడు. ఏదీ లేదు. పొర ఎక్కడా తెగలేదు. క్యాన్సర్ కాదని రాసి సంతకం పెట్టాడు.

2013లో రాసింది తప్పు కాదు. ఆనాటి జ్ఞానం అంతే. తీసేసిన గ్రంథి తిరిగి రాదు, మాత్ర జీవితాంతం వేసుకోవాల్సిందే. కానీ క్యాన్సర్ తిరిగి రాకుండా టీఎస్‌హెచ్‌ను బాగా అణిచిపెట్టడానికి ఇస్తున్న ఎక్కువ మోతాదు తగ్గించారు. దాంతో ఆమెకు గుండెదడ తగ్గింది. ముట్లుడిగిన ఆడవాళ్ళలో ఆ ఎక్కువ మోతాదు ఎముకల్ని కూడా గుల్ల చేస్తుంది, ఆ భయమూ పోయింది. ఏటా తీసే స్కాన్ అక్కర్లేదన్నారు. మమ్మల్ని తిరిగివ్వడానికి వచ్చిన కొడుకు, "మా చెల్లికి సంబంధం చూసేవాళ్ళకి ఈ కాగితం చూపిస్తే సరిపోద్దా మేడమ్?" అని అడిగాడు. "నా నంబరివ్వు. ఎవరడిగినా నేనే చెప్తాను" అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతు గద్గదమైంది.

ఆ తర్వాత ఆవిడ మా బీరువా ముందు కుర్చీ వేసుకుంది. 2010 నుంచి 2016 దాకా ఇలాంటి పేరుతో ఇచ్చిన రిపోర్టులన్నీ తీయించింది. ఆసియా దేశాల్లో ఈ కొత్త పేరు పొందే గడ్డలు పడమటి దేశాలంత ఎక్కువ కావని ఆవిడకు తెలుసు. అయినా వెతికింది. చాలావాటిని మార్చడానికి వీల్లేకపోయింది. కొన్నిటిలో పొరలో సగమే పెట్టారు, మిగిలిన ముక్క ఎప్పుడో పారేశారు. పొర మొత్తం చూడకుండా క్యాన్సర్ కాదనే ధైర్యం ఏ డాక్టరుకూ ఉండకూడదు. రెండు బ్లాకుల్ని బంధువులు తీసుకెళ్ళి తిరిగి తేలేదు. ఒకదాని మైనాన్ని చీమలు తొలిచేశాయి. అప్పటి నుంచి ఈ ల్యాబులో పొరతో వచ్చిన ప్రతి థైరాయిడ్ గడ్డనూ మొత్తం పెడుతున్నారు. ఎన్ని క్యాసెట్లయినా రోగికి బిల్లు పెంచట్లేదు.

వెతుకులాటలో వినుకొండ వైపు ఒకాయన బ్లాకు బయటపడింది. 2014 రిపోర్టులో "పొర తెగలేదు" అని ఉంది, సగం గ్రంథి తీసి వదిలేశారు. లోతుగా కోయిస్తే నాలుగో పలక మీద కనిపించింది. కణాల గుంపు ఒకటి పొరను పూర్తిగా చీల్చుకుని, బయట ఉన్న రక్తనాళంలోకి దిగింది. డాక్టరమ్మ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు చాలాసేపు. రిపోర్టు మీదున్న ఫోను నంబరు పనిచేయడం లేదు. ఆయనకు ఆపరేషన్‌కు ముందు స్కాన్ తీసిన సెంటరుకు టెక్నీషియన్ ఫోను చేసి, ఊరిపేరు, ఇంటిపేరు చెప్పాడు. కనుక్కుని చెప్తామన్నారు వాళ్ళు. సోమవారం లోపు కబురు రాకపోతే మనిషిని పంపుదామని డాక్టరమ్మ అతనితో చెప్పి, ఆ బ్లాకు నంబరు బల్ల మీది క్యాలెండర్లో రాసుకుంది.